బండల ఫ్యాక్టరీలో మా బ్యాండు

మా నాయనను సమాధి చేసిన వారానికి ఆలూరులో మా ఇంటి ముందర ఆదరణ కూడిక పెట్టుకున్నాం. పాటలు అయిపోయి, పాస్టరుగారు ప్రార్థన చేసి, జనం భోజనాలకు లేచినాక, షామియానా కింద చివరి కుర్చీలో ఒక ముసలాయన ఒక్కడే మిగిలిపోయినాడు. తెల్ల పంచె, మెడలో తువ్వాలు, మోకాళ్ల మధ్య చేతికర్ర. దగ్గరికి పోతే గానీ గుర్తుపట్టలేకపోయినాను. కడపలో మా నాయన పనిచేసిన ఫ్యాక్టరీలో బండలు మోసి పేర్చే నాగన్న. ఎవరో చెప్పగా విని, అంత దూరం నుంచి బస్సులు మారుకుంటూ వచ్చినాడు. అన్నం తినమంటే తల అడ్డంగా ఊపి, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ పొద్దు మీ నాయన తప్పు నెత్తిన ఏసుకోకపోయింటే, నేను పిల్లోళ్లను పెట్టుకుని యాడికి పోయిందునో అబ్బయ్యా. ఈ మాట మీకు చెప్పకుండా సావకూడదని వచ్చినా."

"ఏ తప్పు మామా?" అన్నాను.

"అదే, ఆ ఖాదర్ కాలి మీద బండలు పడినాయే. అడ్డుచెక్క తీసింది తానే అని మీ నాయన ఫ్యాక్టరీ రెడ్డి ముందర ఒప్పుకున్నాడు గదా. నీకు తెలీదా?"

తెలీదు. ఆ చెక్క తీసింది మా నాయన కాదు, నేను. పదిహేడేండ్ల వయసులో, ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదని ఇన్నేండ్లు నమ్ముకుని బతికినాను. ఆ రాత్రంతా నిద్ర పట్టక, మొదటి నుంచి చివరి దాకా ఒక వరుసలో గుర్తుచేసుకోవాలని ప్రయత్నం చేసినాను. ఇది రాస్తున్నది కూడా అందుకే.

కడపలో మా ఇల్లు ఫ్యాక్టరీ వెనక గోడను ఆనుకుని ఉండేది. గనుల నుంచి వచ్చిన నల్లబండలను కోసి, నునుపు చేసి, లారీలకు ఎత్తే పని అక్కడ. మా నాయన యేసుదాసు పాలిష్ మిషన్ మీద ఆపరేటరు. పొద్దున మిషన్లు మొదలైతే మా ఇంటి గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగేవి. ఆ మోత ఆగితే అన్నం వేళయినట్లు. నాయన కంటే ముందు తడిరాయి వాసన ఇంట్లోకి వచ్చేది. మోకాళ్ల దాకా బూడిదరంగు బురదతో వచ్చి, తొట్టి దగ్గర చాలాసేపు కాళ్లు రుద్దుకుని, తలకింత నూనె పెట్టుకుని, సంగటి ముందు కూర్చునేవాడు. ఏండ్ల తరబడి ఆ రొదలో నిలబడి ఆయన చెవులు సగం పోయినాయి. అందుకే మామూలు మాట కూడా అరిచినట్లే చెప్పేవాడు. ప్రార్థన మాత్రం గొణుగుతూ చేసేవాడు. "నీకు అరిస్తేనే వినపడదు, నువ్వు గొణిగితే దేవునికి వినపడతాదా?" అని అమ్మ ఎగతాళి చేస్తే, "ఆయనకు మిషన్ పని లేదులే" అనేవాడు. ఆయన మా చర్చి సంఘంలో పెద్ద. యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల మధ్య నడిచేవాడు. అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు. కొనేవాళ్లు వచ్చి బండలో చీలిక ఉందా అని అడిగితే, యజమాని పక్కనే నిలబడి ఉన్నా, వేలితో చీలిక చూపించేవాడు.

ఫ్యాక్టరీ యజమానిని అందరూ రెడ్డి అనేవాళ్లు. ఆయన కొడుకు శివ నాతోపాటు ఇంటర్ చదివేవాడు. మా ఇద్దరికీ తోడు ఖాదర్, ఆటో నడిపే మహబూబ్ బాషా గారి అబ్బాయి. బెంగుళూరులో ఇంజనీరింగు చదివే శివ వాళ్ల బావ సెలవులకు వచ్చి, మార్కరుతో మెటల్ అని రాసిన, గిటార్ల రొదా అరుపులూ నిండిన పాటల సీడీ ఒకటి వదిలిపెట్టి పోయినాడు. శివ వాళ్ల మేడ మీద గది తలుపులు మూసుకుని ముగ్గురమూ అది మొదటిసారి విన్నప్పుడు నాకు భయం వేసింది. పాట మధ్యలో ఖాదర్ లేచి నిలబడినాడు. మనిషి మాట్లాడితే పక్కవాడికి వినపడనంత మెత్తన. వాళ్ల ఇంట్లో తమ్ముళ్లు అరుస్తుంటే వీడు మూల కూర్చుని చదువుకునే రకం. ఆ పొద్దు సీడీలో గొంతుతో పాటు కడుపులోంచి ఒక అరుపు తీసినాడు. కింద వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్న శివ వాళ్ల అమ్మ చేట పట్టుకునే పైకి పరిగెత్తుకొచ్చింది.

మూడు నెలల్లో మాది ఒక బ్యాండు అయింది. పేరు నల్లబండ. ఆర్కెస్ట్రా వాళ్లు వదిలించుకున్న డ్రమ్ముల సెట్టు శివకు దొరికింది. శివ వాళ్ల బావ తన పాత ఎలక్ట్రిక్ గిటారు, బీరువా అడుగు భాగమంత ఆంప్లిఫైయరు పెట్టె పంపించినాడు. చర్చిలో గిటారు వాయించేవాణ్ని కాబట్టి అది నాకు వచ్చింది. బాసు గిటారు వాయించేవాడు మాకు ఎప్పుడూ దొరకలేదు. ఎక్కడ వాయించినా జనం కొట్టడానికి వస్తారు కాబట్టి, ఫ్యాక్టరీ సెలవు రోజు ఆదివారం మధ్యాహ్నం రేకుల షెడ్డులో వాయించేవాళ్లం. చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, తెల్లచొక్కా విప్పి పారేసి గోడ దూకేవాణ్ని. నాయనకు ఇష్టం లేదు. ఒకసారి వచ్చి షెడ్డు రేకు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడి, "మిషన్‌లో రాయి ఇరుక్కున్నట్లుండాది గదరా" అని పోయినాడు. వద్దని మాత్రం అనలేదు.

పాటలు మేమే కట్టుకున్నాం. ఖాదర్ తెలుగులోనే రాసేవాడు. వాళ్ల తాత చేనిలో వెయ్యి అడుగులు తవ్వినా నీళ్లు పడని బోరు మీద ఒక పాట రాసినాడు. దాని పేరు "దుమ్ము". దాంతోనే కర్నూలులో ఒక ఇంజనీరింగు కాలేజీ పోటీకి పోవాలని పేరు ఇచ్చినాం. ఖాదర్ వాళ్ల నాయన ఒప్పుకోవడానికే పది రోజులు పట్టింది. "ఒక్కసారి, అంతే" అన్నాడాయన. పోటీ శనివారం. మాకు మిగిలింది ఒకే ఆదివారం.

ఆ ఆదివారం చర్చిలో ప్రసంగం ఎక్కువసేపు సాగింది. నేను షెడ్డుకు చేరేసరికి శివ మొహం ఎర్రగా చేసుకుని కూర్చున్నాడు. "మూడింటికి కరెంటు పోతాది. నువ్వు ఇప్పుడా వచ్చేది?" అన్నాడు. రేకుల కింద ఎండ కాలుస్తోంది. నాగన్న వాళ్లు శనివారం పేర్చిపోయిన బండలు ఇనుప స్టాండుకు వాలి, నిలువుగా వరసగా ఉన్నాయి. అడుగున నేల ఇంకా జారుడుగానే ఉంది. బండలు ముందుకు జారకుండా వాటి పాదాల దగ్గర ఒక పెద్ద అడ్డుచెక్క ఉండేది. ఎప్పుడూ మేము వాటికి దూరంగా, తలుపు తట్టున వాయించేవాళ్లం. ఆ పొద్దు తలుపు దగ్గరి ప్లగ్గు పని చేయలేదు. స్టాండు పక్కనున్న ప్లగ్గుకు ఆంప్లిఫైయరు జరిపితే, గుంట పడిన నేల మీద అది ఒక పక్కకు ఒరిగిపోతోంది. కింద పెట్టడానికి ఏదైనా కావాలి. చుట్టూ చూసినాను. చేతికందే దూరంలో ఆ చెక్క కనిపించింది. బండలు ఎన్నడూ కదలగా చూడలేదు. శివ అటు తిరిగి డ్రమ్ములు బిగించుకుంటున్నాడు. గుంజితే సులువుగానే వచ్చింది. ఆంప్లిఫైయరు కింద దూర్చినాను. సరిగ్గా కూర్చుంది.

ఎవరి మీద ఎవరికీ సహనం లేదు. శివ వేగం ఎక్కువ చేస్తాడు, నేను తప్పుతాను, మళ్లీ మొదటి నుంచి. రెండుసార్లు ఆగిపోయినాక ఖాదర్, "ఈసారి ఏమైనా గానీ, ఆపొద్దు. చివరి దాకా పోదాం," అన్నాడు. అట్లాగే మొదలుపెట్టినాం. ఆ సారి పాట కుదిరింది. నేను తల వంచుకుని వేళ్ల వంకే చూస్తున్నాను. ఖాదర్ ఎప్పటి మాదిరే అటూ ఇటూ తిరుగుతూ పాడుతున్నాడు. పాట చివరి భాగం దగ్గర వాడి గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. అంతవరకు వాడు అట్లా ఎప్పుడూ అరవలేదు. ఇది గానీ కర్నూలులో పడితే గెలిచినట్లే అనుకుని, సంతోషంతో ఇంకా గట్టిగా వాయించినాను. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది, అయినా రాయాలి. వాడు అరుస్తూనే ఉన్నాడు, మేము వాయిస్తూనే ఉన్నాం. ఆపొద్దన్నాడు కదా. ఉన్నట్టుండి డ్రమ్ములు ఆగిపోయినాయి. తలెత్తితే శివ లేచి నిలబడి ఉన్నాడు, నోరు తెరుచుకుని. ఖాదర్ నేల మీద ఉన్నాడు. మూడు బండలు ఒకదాని మీద ఒకటి, వాడి కుడిపాదం వాటి కింద.

ఎత్తబోతే కదల్లేదు. శివ బయటికి పరిగెత్తినాడు. నేను గోడ మీదుగా "నాయనా" అని అరిచినాను. ఆయనకు నా అరుపు వినపడలేదు, అమ్మ చెప్పింది. అన్నం చేత్తోనే, చెప్పులు లేకుండా వచ్చినాడు. గడ్డపార బండ కింద వేసి, నాయనా శివా భుజాలతో నొక్కితే, నేను ఖాదర్‌ను చంకల కింద పట్టి లాగినాను. మహబూబ్ బాషా గారికి కబురు పోయింది. ఆయన ఆటోలోనే ఆయన కొడుకును పడుకోబెట్టినారు. శివ ఎక్కినాడు, నాయన ఎక్కినాడు. ఎక్కే ముందు నాయన ఒకసారి వెనక్కు తిరిగి షెడ్డు లోపలికి చూసినాడు. ఆయన చూపు ఆంప్లిఫైయరు దగ్గర ఆగింది.

నేను ఒక్కణ్నే మిగిలినాను. ఆంప్లిఫైయరును పక్కకు తోసి, ఆ చెక్క తీసి, వెనకాల విరిగిన బండల కుప్పలోకి విసిరేసినాను. ఎందుకు చేసినావని ఎవరైనా అడిగింటే అప్పుడు చెప్పలేకపోయేవాణ్ని. చేతులు వాటంతట అవే చేసినట్లుండింది.

పొద్దు గుంకినాక నాయన వచ్చినాడు. పాదం తీసేసినారని చెప్పినాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాయన కాళ్లు కడుక్కోకుండానే నా ఎదురుగా మంచం మీద కూర్చుని, మొదటిసారి నాతో మెల్లగా మాట్లాడినాడు.

"ఆ చెక్క యాడుంది దాసూ?"

"ఏ చెక్క?" అన్నాను.

ఆయన చాలాసేపు నన్నే చూసినాడు. నేను నా కాలి వేళ్లను చూసుకున్నాను. "సరే," అని లేచిపోయినాడు.

మరుసటి రోజు పొద్దున రెడ్డి అందరినీ షెడ్డు ముందర నిలబెట్టినాడు. నేను నీళ్ల తొట్టి చాటున ఉన్నాను.

"శనివారం పేర్చింది నువ్వే గదా నాగన్నా. చెక్క పెట్టినావా లేదా?"

"పెట్టినా సామీ. నా బిడ్డల తోడు."

"పెట్టింటే యాడికి పోయింది? రెక్కలొచ్చినాయా?"

నాగన్న చేతులు జోడించి ఏడుస్తున్నాడు. ఒక్క మాట చెప్తే చాలు. తొట్టి వెనక ఇంకా కిందికి వంగినాను. నాయన వరుసలోంచి వచ్చి, తొట్టి దగ్గరికి నడిచి, "నువ్వు ఇంటికి పో," అన్నాడు. పోయినాను. ఆయన అన్నం వేళ కాకముందే పనిబట్టలు చంకన పెట్టుకుని ఇంటికి వచ్చి, ఇక ఆ పనికి పోనని అమ్మతో చెప్పినాడు. నా పాటల వల్లనే రెడ్డికి కోపం వచ్చి తీసేసినాడనుకున్నాను. పరీక్షలు అయ్యేదాకా కడపలో ఉండి, అమ్మ పుట్టిల్లు ఆలూరుకు వచ్చేసినాం. ఆ నెలంతా నాయన రోజూ సాయంత్రం ఆసుపత్రికి పోయేవాడు. తలుపు దగ్గర నిలబడి, "వస్తావా?" అని అడిగేవాడు. చదువుకోవాలి అనేవాణ్ని. గిటారును ఎవరూ దాచలేదు, విరగ్గొట్టలేదు. నేనే మళ్లీ ముట్టలేదు.

ఆలూరులో నాయన, తన మామ పొలంలో శనగ, జొన్న వేసినాడు. మిషన్ పక్కన మనిషి కాబట్టి చేను ఆయనకు చివరి దాకా అలవాటు కాలేదు. చర్చికి మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. కానీ బల్ల ఇచ్చే రోజున చివరి వరుసలో కూర్చుని, రొట్టె పళ్లెం దగ్గరికి రాకముందే లేచి బయటికి పోయేవాడు. సంఘపెద్దగా ఉండమంటే ఒప్పుకోలేదు. అమ్మ ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. అమ్మ పోయింది, అయినా ఆయన బల్ల దగ్గరికి రాలేదు. వయసు మీద పడి ఏదో పట్టుదల అనుకున్నాను. నాగన్న వచ్చిపోయినాక గానీ అర్థం కాలేదు. మా వాళ్లలో తప్పు ఒప్పుకోకుండా బల్ల దగ్గర రొట్టె తీసుకోకూడదు. ఆయన ఆడిన అబద్ధం ఒప్పుకోవాలంటే నా పేరు చెప్పాలి. చెప్పలేదు. అన్నేండ్లు రొట్టె లేకుండానే ఉండిపోయినాడు.

ఇప్పుడు మా అబ్బాయి కూడా గిటారు వాయిస్తాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని గదిలో కూర్చుంటాడు. మాకు తీగల టిక్ టిక్ తప్ప ఏమీ వినపడదు. వాడు ఏ పాట వాయిస్తున్నాడో, ఎవరితో కలిసి వాయిస్తున్నాడో నాకు తెలియదు. వాడి వల్ల ఎవరి ఇల్లూ కంపించదు. మాది అట్లా కాదు. మేము ఏం చేసినా నాలుగు ఇండ్లకు తెలిసేది, పెద్దవాళ్లు తిట్టుకుంటూనో చెయ్యి ఆనించో వినేవాళ్లు. అదే మంచిదని నేను చెప్పబోవడం లేదు. అంత మంది మధ్యలో పెరిగి కూడా నేను ఒక నిజం దాచగలిగినాను కదా.

ఖాదర్ మైదుకూరులో ఉన్నాడని నాగన్నే చెప్పినాడు. కూడిక అయిన మూడో రోజు పోయినాను. బస్టాండు ఎదురుగా చిన్న సెల్‌ఫోన్ రిపేరు అంగడి. కంటికి భూతద్దం పెట్టుకుని ఏదో విప్పుతున్నాడు. గడ్డం నెరిసింది. తలెత్తి చూసి, నిన్న సాయంత్రం విడిపోయినట్లు, "ఏమప్పా దాసూ" అన్నాడు. స్టూలు చూపించినాడు. నేను కూర్చోలేదు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ పోయి, "ఆ చెక్క తీసింది నేనురా," అన్నాను.

"తెలుసు," అన్నాడు, స్క్రూ తిప్పుతూనే.

"యెట్లా తెలుసు?"

"ఆ ఆంప్లిఫైయరు ఎంత బరువుండెనో మరిచిపోయినావా? ఒక చేత్తో దాన్ని లేపి, ఇంకో చేత్తో చెక్క దూర్చినావా నువ్వు? లేపి పట్టుకున్నింది నేను. బిరీన కానీ, చేతులు గుంజుతాండాయి అని అరిచినా గూడా."

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఇన్నేండ్లలో ఆ చెక్కను నేను వెయ్యిసార్లు గుంజి ఉంటాను, నిద్రలో, మెలకువలో. ఒక్కసారి కూడా అందులో ఖాదర్ చేతులు లేవు. ఇప్పుడు వాడు చెప్తుంటే, పెట్టె అంచును పట్టుకున్న వాడి వేళ్లు తెల్లబడటం కూడా కనిపించింది.

"మరి ఎవురికీ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు వస్తావని. ఇద్దరం పోయి చెప్దామనుకున్నా. మీ నాయన దినామూ వస్తాండె. ఆయప్ప లోపలికి వచ్చినప్పుడంతా ఎనకాల నువ్వుండావేమోనని చూస్తాంటి." అప్పుడు భూతద్దం తీసి నా వంక చూసినాడు. "కాలు పోయిందానికి నీ మీద కోపం పెట్టుకోలేదు దాసూ. దాంట్లో నా చెయ్యి గూడా ఉండె. నువ్వు రాకపోయినందుకు పెట్టుకున్నా. ఇప్పటికీ ఉండాది."

తర్వాత నాయన సంగతి చెప్పినాను. నాగన్నను కాపాడటానికి తనే చెక్క తీసినట్లు ఒప్పుకున్నాడని, దాంతో పని పోయిందని, చచ్చేదాకా బల్ల దగ్గరికి పోలేదని. ఖాదర్ చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టేసినాడు.

"ఆ తప్పు ఆయప్ప తన పేరు మీద ఏసుకున్నాడా?"

"ఊ."

"నా మంచం పక్కన కూర్చునిండె గదప్పా, నెలంతా. బత్తాయి ఒలిచి పెడతాండె. నేనన్నా ఆయప్పకు చెప్పింటే..." లేచి, పనిబల్ల ఆసరాగా పట్టుకుని అంగడి బయటికి వచ్చి, షట్టరు కిందికి లాగినాడు. "శివ ఫ్యాక్టరీలోనే ఉంటాడు ఈ యాళప్పుడు. పోదాం పా."

కడప బస్సు ఎక్కినాం. దారిలో ఎక్కువ మాట్లాడుకోలేదు. వాడికి ఇద్దరు ఆడపిల్లలని, పెద్దది నర్సింగు చదువుతోందని చెప్పినాడు. శివ ఇప్పుడు యజమాని. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. ఆఫీసు గదిలో మా ఇద్దరినీ ఒకచోట చూసి ముందు నవ్వి, మా మొహాలు చూసి నవ్వు ఆపేసినాడు. నేను చెప్పవలసింది నేను చెప్పినాను, ఖాదర్ చెప్పవలసింది ఖాదర్ చెప్పినాడు. శివ టేబులు మీది పేపర్లు సర్దడం మొదలుపెట్టినాడు.

"మా నాయన పోయేదాకా మీ నాయనను తిట్టుకుంటానే ఉండె," అన్నాడు చివరికి. "అంత పనిమంతుడు ఇట్లా చేసినాడే అని. ఇప్పటికీ కొత్తోళ్లు పనిలో చేరితే పాతోళ్లు చెప్తారు, యేసుదాసు మాదిరి చెక్క తీసేరు జాగర్త అని." పేపర్లు పక్కకు తోసి, "ఇప్పుడు చెప్పి ఏం లాభమప్పా? మా నాయనా లేడు, మీ నాయనా లేడు," అన్నాడు.

"మేముండాం గదా," అన్నాడు ఖాదర్.

శివ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లేచి తలుపు తీసుకుని షెడ్డు వైపు పోయినాడు. కాసేపటికి అక్కడ మిషన్లు ఒకటొకటే ఆగిపోవడం మొదలైంది. చివరిది కూడా ఆగినాక, పనోళ్లందరినీ షెడ్డు ముందర నిలబెట్టి, మమ్మల్ని రమ్మని శివ కేక వేసినాడు.